అరవై అంగలు

ముప్ఫై ఒక్కేళ్లు బడి వంటశాలలో
పిల్లలకి ఎర్ర జెల్లీ పోసిన చెయ్యి నాది.
అందుకే ఆరిన్ ఈ పని నాకే అప్పజెప్పాడు.
ఒక పాలు పొడి, తొమ్మిది పాళ్లు నీళ్లు.
నీళ్లు మరగకూడదు, గరిటె తొందరపడకూడదు,
నురగ కట్టకుండా నాలుగు చుక్కలు దాల్చినచెక్క నూనె.
నవంబరు నడిమధ్యలోనే ఇల్లంతా
క్రిస్మస్ వాసన.

దీనికి రంగు లేదు, తీపి లేదు.
పంది తోలూ ఎముకా ఉడికి తేరిన తేట.
రెండు రాత్రులు ఫ్రిజ్‌లో, పాలడబ్బాల పక్కన,
ఎవరిదో తెలియని ఒళ్లు ఒకటి నిద్రపోయింది.
అర్ధరాత్రి దాహమేసి తలుపు తీస్తే
లోపలి బల్బు దానిలోంచి నన్ను చూసింది.

కంకర గుంత దగ్గర గాలి.
నార్త్ డకోటా గాలికి అడ్డం పడ్డానికి
ఒక్క చెట్టయినా లేదు.
ముందు చిన్న ఉక్కుపూస పేల్చి చూశాడు.
నాలుగు వేళ్ల లోతున ఆగింది.
"సరిగ్గా గట్టిపడింది, మార్లిస్" అన్నాడు.
పెళ్లయ్యాక నా వంటకి ఇంత మెప్పు ఇదే మొదలు.

జింకగుళ్లు తొమ్మిది. మూరెడు లోతుకి పోయాయి,
ఒక్కొక్కదాని వెనక తెల్లటి చారిక.
ఒకటి దారి తప్పి పక్కనుంచి బయటపడింది.
మంచులో వెతికాం, దొరకలేదు.
పిట్టగుళ్లు ఎంత దగ్గర్నుంచి పేల్చినా
జానెడు దాటలేదు.
అన్నీ పుస్తకంలో రాసుకున్నాడు, పెన్సిలు నాలికకి తడిపి తడిపి.

అక్కడితో అయిపోవాలి.
బండి వెనకనుంచి ఓ పాత కోటు తీశాడు,
గోధుమరంగు కాన్వాసు, ఎడమ భుజం జల్లెడ.
ఎప్పుడో పారేశాననుకున్న కోటు.
మా పెళ్లైన రెండో ఏడు, ఫెజంట్ పిట్టల వేట,
వాళ్లన్న లైల్ చేతిలో తుపాకి.
"అరవై అంగల దూరంలో ఉన్నాను, పొద్దు కంట్లో పడింది" అని
ఆస్పత్రి వరండాలో లైల్ ఏడ్చిన ఏడుపు
నాకింకా చెవుల్లోనే ఉంది.
రెండు గుళ్లు తియ్యలేమన్నారు.
ఎక్స్‌రేలో రెండు వేళ్ల లోతున, ఎముకని ఆనుకుని,
నలభై ఐదేళ్లుగా కాపురముంటున్నాయి.

చిల్లులు పడని కుడివైపుని దిమ్మె ముందు కట్టి
లెక్కపెట్టుకుంటూ నడిచాడు.
అరవై.
గుడ్డ చినిగింది. దిమ్మె మీద గోరు గిచ్చినంత.
యాభై. గోరు దిగినంత.
నలభై.
ముప్ఫై.
ఇరవై ఐదు అంగల దగ్గర
రెండు వేళ్లు.
టేపు కంటే ముందు నా వేళ్లే పెట్టి చూశాను.

ఇరవై ఐదు అంగల్లో మనిషి కనిపిస్తాడు.
టోపీ రంగు కూడా కనిపిస్తుంది.
పిలిస్తే పలుకుతాడు.

ఆరిన్ పెన్సిలు తడిపాడు.
తడిపిన పెన్సిలు జేబులో పెట్టేశాడు.

ఇంటికొచ్చి దిమ్మెని కోసి గిన్నెలో వేశాను.
సన్న సెగ. ముందు అంచులు కరిగాయి,
చారికలు చాలాసేపు తేలాయి, తర్వాత అవీ నీళ్లే.
గుడ్డలో వడకడితే అడుగున సీసం గలగల.
మళ్లీ పోస్తే మచ్చ లేని కొత్త దిమ్మె.
చలి ముదిరితే ఆరిన్‌కి చొక్కా మాత్రం
ఇప్పటికీ నేనే తొడగాలి.

ఆదివారం లైల్ భోజనానికొచ్చాడు.
"ఏమిటీ దాల్చినచెక్క వాసన?" అన్నాడు.
చెయ్యి వణుకుతోంది. చెంచాలో ఎర్ర జెల్లీ
అంతకన్నా వణుకుతోంది.
ఏటా వేటకాలంలో ఎత్తినట్టే ఆ కథ ఎత్తాడు.
"అరవై అంగలు. కాదూ, ఆరిన్?"

నేను కుళాయి కట్టేశాను.

"ఉంటుంది" అన్నాడు ఆరిన్.
"ఆ రోజు గాలి కూడా పాడుగాలి."
లైల్ గిన్నె ఖాళీ అయింది చూడమన్నట్టు
నాకేసి చూశాడు.